కుప్పకు అయిదు

చిత్తూరు బజారు వీధి మొగదాల
పాల బూత్ పక్కన ఇనుప స్తంభం.
దాని మెడకు ఏడో నంబరు కెమెరా.
దాని కింద గోనెపట్ట పరిచి
కుప్పమ్మ జామకాయలు పేరుస్తుంది.
కుప్పకు అయిదు, కుప్ప ఇరవై.

నేనుండేది అక్కడికి మైలు దూరంలో,
ఏసీ చలికి కాకీ చొక్కా మీద స్వెట్టరు తొడుక్కుని
పన్నెండు తెరల ముందు.
హోంగార్డు రెడ్డెమ్మ, పగటి డ్యూటీ.
పన్నెండు వీధులు, ఒక్కదానికీ చప్పుడు లేదు.
హారన్ కొట్టని బస్సులు, అరవని బేరగాళ్ళు,
మూగనోళ్ళతో పోట్లాడుకునే మొగుడూ పెళ్ళాలు.
మొదటి నెలంతా నాకు చెవుడొచ్చిందనుకున్నా.

గోడ మీది చార్టులో ఎర్రగీత దిగుతా ఉంది.
గొలుసులు తెంపుకుపోయే బైకులు
ఈ వీధికి రావడం మానేసినాయి.
అది నిజం, కాదనను.
నగలంగడి దామోదరం షట్టరుకు
మూడు తాళాలు పోయి ఒకటే మిగిలింది.
సంతపేటలో మా స్తంభాలు లేవు.
అక్కడి గీతను ఎవరూ గియ్యలేదు.

రోజూ పదకొండుకు టీకి లేస్తూ
కుప్పమ్మ తలెత్తి పైకి చూస్తుంది,
ఏదో అంటుంది.
ఆ పెదాలు చదవడానికి వారం పట్టింది నాకు:
"సామీ, రవ్వంత చూస్తా ఉండు. ఇప్పుడే వొస్తా."

సామి అంటే నేనే.
ఆ ఏడు నిమిషాలూ
మిగతా పదకొండు వీధులు ఏమైపోయినా సరే
నా కళ్ళు జామకాయల మీదే.
నీళ్ళు తాగను, బాత్రూముకు పోను.
ఇంతగా నన్నెవరు నమ్మినారు?
జీతమిచ్చే సర్కారు కూడా
పొద్దూ మాపూ వేలిముద్ర అడుగుతుంది.

మంగళవారం ఒకాయన వచ్చినాడు.
ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు,
చేతిలో బట్టలంగడి పేరున్న సంచి.
అటు చూసినాడు, ఇటు చూసినాడు,
పైకి మాత్రం చూడలేదు.
నడి కుప్పలో రెండు కాయలు తీసి
సంచిలో వేసుకున్నాడు,
సొంత పెరట్లో కోసుకున్నట్టు.

"ఓయ్!" అని తెర మీదికి అరిచినాను.
ఆ స్తంభానికి కన్నే తప్ప నోరు లేదు.
సర్కిల్లో ఉన్న దొరస్వామికి ఫోన్ కొడితే
"గొలుసా అక్కా?"
"జామకాయలు."
నవ్వి నవ్వి దగ్గొచ్చింది వాడికి.
ఈలోగా ఆయన ఎనిమిదో తెరలోకి నడిచినాడు,
తొమ్మిదిలో ఒక కాయ కొరికినాడు,
పదిలో వేలూరు బస్సెక్కినాడు.

కుప్పమ్మ వచ్చింది.
మూడు కాయల కుప్పను చూసింది.
తలెత్తింది.
తిట్టి ఉంటే బాగుండు.
దుడ్డు పెట్టె దగ్గర కూచోబెట్టిన పిల్లోడు
నిద్రపోతే చూసినట్టు చూసింది, అంతే.
ఎందుకో స్వెట్టరు గుండీలు
మెడ దాకా పెట్టుకున్నాను.

మర్నాడు నాకు సెలవు. చీర కట్టుకుని పోయినాను.
వీధి చప్పుడు ఒక్కసారిగా మీద పడింది.
జామకాయలకు వాసనుంటుందని మరిచే పోయినా.
రెండు కుప్పలు తీసుకుని, వంద ఇచ్చి, చిల్లర వద్దన్నాను.
అరవై నా చేతిలో పెట్టి గుప్పిట మూసింది.
"లెక్క లెక్కే మే. పైన సామి చూస్తా ఉండాడు."
"నిన్న చూసినాడా మరి?"
అడక్కుండా ఉండలేకపోయినా.
"నిన్న కునుకు పట్టింటాది పాపం.
ఒంటికన్ను రేయింబగుళ్ళు తెరుచుకోనుంటే
ఎవురికైనా పట్టదా?"

ముప్పై రోజులకు అంతా చెరిగిపోతుంది మా పెట్టెలో,
ఆ కాయలు, ఆ పెన్నులు, ఆమె చూసిన చూపు.
చెప్పాలని నోటిదాకా వచ్చింది.
ఫోన్ మోగింది.
నా కుర్చీలో ఈ పొద్దు ఢిల్లీబాబు.
"అక్కా, ఏడో నంబర్లో కనిపిస్తా ఉండావు.
తలెత్తు... ఆఁ, నువ్వే.
దోరగా ఉండేవి చూసి
నాకో కుప్ప పట్టుకురా."